ఉమ్మడి బ్రతుకు: హట్టరైట్ల చరిత్ర



అన్నదమ్ములు వేరుపడుట మనకు క్రొత్త సంగతి కాదు. తండ్రి యున్నంతకాలము ఒక్క పొయ్యిమీద వండుకొని తినిన యిల్లు, ఆయన పోయిన రెండుమూడేండ్లకే పెద్దమనుష్యులను పిలిపించుకొనును. పొలములు కొలుతురు, బిందెలు లెక్కపెట్టుదురు, పెరటిలో గోడ లేచును. కొంతకాలమునకు పలుకరింపులును తగ్గిపోవును. ఉమ్మడి కుటుంబమును మెచ్చుకొనువారు మనలో పెక్కుమంది కలరు; కాని అది యేల నిలువదు, నిలువవలెనన్న నేమి కావలెను అను ప్రశ్న నడుగువారు తక్కువ.

ఈనాటి ప్రసంగమున నేను చెప్పబోవునది రక్తసంబంధముచేత గాక మతవిశ్వాసముచేత నేర్పడిన యొక యుమ్మడి సంసారమును గూర్చి. వీరిని హట్టరైట్లందురు. వీరు క్రైస్తవులు. 1528లో ఐరోపాఖండమున, నేటి చెక్ దేశములో చేరియున్న మొరావియాయందు వీరి యుమ్మడి యారంభమయ్యెను. నేడు కెనడాయందును, అమెరికా సంయుక్త రాష్ట్రముల యుత్తరభాగమునందును ఐదువందలకు మించిన వీరి పల్లెలు కలవు. జనసంఖ్య 45,000కు పైమాట. ఈ పల్లెలను కాలనీలందురు. వానిలో నెవ్వరికిని సొంత పొలము లేదు, సొంత యిల్లు లేదు, జీతము లేదు. ఇంతకాలము ఈ పద్ధతి యెట్లు నిలిచినది? నిలుపుకొనుటకు వారు విడిచిపెట్టిన దేమి? అదియే నేటి విషయము.

పదునారవ శతాబ్దపు తొలిభాగమున జర్మను దేశములందు మతసంక్షోభము చెలరేగినది. 1517లో లూథరు లేవదీసిన వాదము కొలదికాలములోనే రాజాస్థానముల కెక్కినది. అట్టి సమయమున, 1525 జనవరిలో, జూరిచ్ నగరమున కొందరు మరియొక మాట లేవనెత్తిరి. పుట్టిన శిశువునకు బాప్తిస్మమిచ్చుట తగదు. వయసు వచ్చి, తెలిసి, తానై కోరినవానికే బాప్తిస్మ మీయవలెను అనిరి. కత్తి పట్టుట క్రైస్తవునకు తగదనియు వారిలో పెక్కుమంది చెప్పిరి. ఇవి వినుటకు చిన్న మాటలు. కాని శిశుబాప్తిస్మము లేనిచో ఊరిలో పుట్టినవారందరును తమంతట సంఘసభ్యులు కారు. ప్రజలు కత్తి పట్టనిచో ప్రభువునకు సేన యుండదు. అందుచేత కేథలిక్కు ప్రభువులును, ప్రొటెస్టాంటు ప్రభువులును తక్కిన విషయములలో నెంత కలహించినను ఈ యొక్క విషయమున నేకమైరి. 1529లో స్పయరు నగరమున కూడిన సామ్రాజ్యసభ, పెద్దవయసున మరల బాప్తిస్మము పొందినవారికి మరణదండనము విధించెను.

అంతకుముందే తరుమబడిన కొందరు మొరావియాలోని నికొల్స్‌బర్గు పట్టణము చేరియుండిరి. అచటి ప్రభువు వారికాశ్రయ మిచ్చెను. వచ్చినవారిలో మరల రెండు పక్షము లేర్పడెను. రాజ్యరక్షణకు కత్తి పట్టవచ్చు ననువారు కత్తివారు. ఏ కారణమునను పట్టరాదని చేతికర్రతో మాత్రమే తిరుగువారు కర్రవారు. 1528లో ఈ కర్రవారు, పిల్లలు గాక సుమారు 200 మంది, ఆ పట్టణమును విడిచి పోవలసివచ్చెను. దారిలో పాడుపడిన యొక యూరియొద్ద నిలిచి, తమలో కొందరిని పెత్తనదారులుగా నేర్పరచుకొనిరి. ఆ పెత్తనదారులు నేలమీద నొక పైవస్త్రము పరచిరి. ప్రతివాడును తనకున్నది తెచ్చి దానిమీద నుంచెను. ఎవరి బలవంతమును లేదనియు, ఇష్టపూర్వకముగనే యుంచిరనియు వారి చరిత్రగ్రంథము చెప్పుచున్నది. యెరూషలేములోని తొలి క్రైస్తవులు తమ యాస్తులమ్మి, ఎవరి యక్కర కొలది వారికి పంచుకొనిరని అపొస్తలుల కార్యములు అను గ్రంథమున నున్నది. వీరికి ప్రమాణ మదియే. ఆ గ్రంథప్రమాణమును, దారిలోని లేమియు రెండును చేరి యీ యుమ్మడిని పుట్టించినవి.

ఉన్నదంతయు తెచ్చి గుడ్డమీద నుంచుట ఒకనాటి పని. ఉంచినదానిని మరల నాది యనుకొనకుండుట నిత్యము చేయవలసిన పని. మూడేండ్లలోనే కలతలు పుట్టెను. పెద్దలు మంచి తిండి తినుచున్నారనియు, పసిపిల్లలకు పాలు చాలుటలేదనియు కొందరు వాదించి 1531లో వేరుపడిపోయిరి. ఆ వేరుపడినవారిలోను వివాదములు తప్పలేదు. 1533లో టిరోలు దేశమునుండి యాకోబు హుట్టరు అను నాయకుడు వచ్చెను. ఆయన టోపీలు చేయువాడు. జర్మను భాషలో హుట్టరు అను పేరున కర్థమును అదియే. ఆయన సంఘమును సోదా చేయించగా, ఆనాటి పెద్దయగు సైమను షూట్సింగరే రహస్యముగా కొంత ద్రవ్యము దాచుకొనినట్లు బయటపడెను. ఆ పెద్దను తొలగించి హుట్టరును నాయకునిగా జేసికొనిరి. చిన్న తప్పునకును, పెద్ద తప్పునకును, చిన్నవానికిని, పెద్దవానికిని ఒక్కటే విచారణ యను పద్ధతిని ఆయన గట్టిగా నాటెను. నాయకత్వము రెండేండ్లకు మించి సాగలేదు. 1535లో పట్టుబడెను, 1536 ఫిబ్రవరిలో ఇన్స్‌బ్రుక్ నగరమున ఆయనను సజీవదహనము గావించిరి. సంఘమునకు మాత్ర మాయన పేరు నిలిచినది.

హుట్టరు తరువాతి పెద్దలలో పీటరు రీడెమాన్ అనునాయన జర్మనీలోని హెస్సె సీమ చెరసాలలో నుండి వీరి విశ్వాసమును వివరించుచు నొక గ్రంథము వ్రాసెను. సూర్యుడు, గాలి వంటివి మనుష్యుని చేతి కందనివగుట చేతనే అందరివిగా నిలిచియున్నవి. చేతి కందినదాని నెల్ల మనుష్యుడు నాదియని పట్టుకొనెను అని ఆయన యాశయము. ఈ వాదమునకు నేటికిని వారిలో గౌరవము కలదు.

ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున మొరావియా ప్రభువులు వీరిని చల్లగా చూచిరి. వీరి కుండలు, పింగాణిపాత్రలు, కత్తులు, గడియారములు గొప్పయిండ్లలోనికి పోయెను. వీరి వైద్యులకు మంచి పేరు వచ్చెను. పసిపిల్లలకు పాఠశాలలు పెట్టి, శుభ్రతను గూర్చియు, రోగము సోకినవారిని వేరుగా నుంచుటను గూర్చియు నియమము లేర్పరచుకొనిరి. కాని మతయుద్ధములు వచ్చి యీ బ్రతుకంతయు చెదరిపోయెను. 1622లో వీరందరును మొరావియా విడిచిపోవలెనని యుత్తరువు వెలువడెను. హంగరీకిని, ట్రాన్సిల్వేనియాకును చెదరిపోయిరి. దోపిళ్లు, బాధలు సహించి సహించి, పదునేడవ శతాబ్దము ముగియునప్పటికి ఉమ్మడి యాస్తిని విడిచిపెట్టిరి. ఎవరి యిల్లు వారిదైనది. విశ్వాసము కొంత మిగిలినది. ఉమ్మడి మాత్రము పోయినది.

ఇక్కడితో కథ ముగిసిన, ఈ ప్రసంగమునకు పని యుండెడిది కాదు. 1750 తరువాత ఆస్ట్రియా ప్రభుత్వము కరింథియా సీమనుండి కొందరు లూథరు మతస్థులను ట్రాన్సిల్వేనియాకు వెడలగొట్టెను. వారు అచట మిగిలియున్న హట్టరైట్లను కలిసికొని, పాతగ్రంథములు చదివి, ఆ వంశమువారే మరచిన యుమ్మడిని 1760 తరువాత తిరిగి యారంభించిరి. అనగా ఈ ధర్మమును మరల నెత్తినవారిలో పెక్కుమంది పరాయివారు. నేటికిని హట్టరైట్లు ఇండ్లలో మాటలాడు భాష ఆ కరింథియా జర్మను మాండలికమే. 1767లో వారు, కేవలము 67 మంది, కొండలు దాటి వలాకియాకు పారిపోయిరి. 1770లో రష్యా సామ్రాజ్యములోని యుక్రెయిను చేరిరి. అచటను 1819లో ఉమ్మడి మరల విచ్ఛిన్నమైనది. ఈసారి కారణము రాజబాధ కాదు, లోపలి కలతలే. 1842లో వారు మొలోచ్న ప్రాంతమునకు వలసపోయిరి. అక్కడ 1859లో మైఖేలు వాల్డ్‌నరు అను కమ్మరి ఉమ్మడిని మరల నిలిపెను. రెండుసార్లు పోయి, రెండుసార్లు తిరిగి వచ్చినది.

మొలోచ్న ప్రాంతమున వీరి పొరుగువారు మెన్నొనైట్లు. వారును 1525 నాటి యుద్యమమునుండి వచ్చినవారే. వయసు వచ్చినవారికే బాప్తిస్మము, యుద్ధవిముఖత రెండు పక్షములకును సమానము. ఆస్తి మాత్రము మెన్నొనైట్లలో ఎవరిది వారిదే. వారిలో 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ అను శాఖ యేర్పడెను. ఆ శాఖకు చెందిన ఏబ్రహాము ఫ్రీసెను దంపతులు 1889లో రష్యానుండి మనదేశమునకు వచ్చి, నల్లగొండలో మిషను స్థాపించిరి. పిమ్మట అమెరికాలోని యా శాఖవారు మహబూబునగరము ప్రాంతమున పనిచేసిరి. ఆ సంఘములకు చెందిన తెలుగు క్రైస్తవులు హట్టరైట్లకు ఒక విధముగా జ్ఞాతులనవచ్చును. మన ప్రాంతమునకు ఆ మూలమునుండి బాప్తిస్మపద్ధతి వచ్చినది గాని యుమ్మడి యాస్తి రాలేదు.

రష్యా ప్రభుత్వము సైనికసేవను అందరికిని నిర్బంధము చేయగా, 1874 మొదలుకొని అయిదేండ్లలో హట్టరైట్లందరును, అనగా పన్నెండువందలకు పైబడినవారు, అమెరికాలోని డకోటా మైదానములకు వలసపోయిరి. అచట భూమి చౌక. ఎవరికి వారు పొలము తీసికొని బ్రతుకవచ్చును. సగమునకు మించినవారు అట్లే చేసిరి. సుమారు 400 మంది మాత్రము మూడు పల్లెలుగా నేర్పడి యుమ్మడి నవలంబించిరి. కమ్మరి వాల్డ్‌నరు వెంట వచ్చినవారిని కమ్మరివారనియు, డేరియసు వాల్టరు వెంట వచ్చినవారిని డేరియసువారనియు, పంతులగు జేకబు విప్ఫు వెంట చేరినవారిని పంతులవారనియు పిలుచుచున్నారు. ఈ మూడు శాఖలును నేటికి కలవు. సొంత పొలములు తీసికొన్నవారు క్రమముగా ఇరుగుపొరుగు సంఘములలో కలిసిపోయిరి. ఆ 400 మంది సంతానమే నేటి ఐదువందల పల్లెలకు మూలము.

పల్లెలో బ్రతుకు ఎట్లుండునో కొంచెము చూతము. నడుమ వంటయిల్లు, భోజనశాల. గంట మ్రోగగనే అందరును వత్తురు; పురుషులొక ప్రక్కను, స్త్రీలొక ప్రక్కను కూర్చుందురు. కుటుంబమునకొక యిల్లుండును గాని యిండ్లలో వేరు వంట లేదు. మూడేండ్ల వయసు రాగానే పిల్లలు చిన్నబడికి పోవుదురు. బోధకుడు సంఘమునకు పెద్ద. లెక్కలు చూచువానిని ఇంటిపెద్ద యందురు. పొలమునకు, పశువులకు, వడ్రంగమునకు వేరువేరు పెత్తనదారులుందురు. వంటయింటి పెత్తనము ఒక స్త్రీది. ఇరువదియేండ్ల ప్రాయమున బాప్తిస్మము పొంది, ఆస్తి హక్కు నాకు లేదని సమ్మతించినవాడే పూర్ణసభ్యుడగును. బోధకుని నియమించునపుడు ముందు వోట్లు తీసికొని, తగినన్ని వోట్లు వచ్చినవారి పేర్లతో చీట్లు వేయుదురు. ఆ చీటి దైవనిర్ణయమని వారి నమ్మకము. ప్రార్థనలో బోధకుడు తన మాటలు చెప్పడు. పదునేడవ శతాబ్దమున పెద్దలు వ్రాసిన ప్రసంగములనే చదువును. పొలమున మాత్రము మిక్కిలి క్రొత్త యంత్రములుండును. రేడియో వారి యిండ్లలో బహుకాలముగా నిషిద్ధము. కనుక నేను వారిని గూర్చి యేమి చెప్పినను వారు వినరను ధైర్యము నాకు కలదు.

ఇక అసలు సంగతి. ఇరువదవ శతాబ్దపు నడుమ హట్టరైటు తల్లికి సగటున పదిమంది పిల్లలుండిరి. నేడు సంఖ్య తగ్గినది గాని పల్లె పెరుగుట మానలేదు. జనము 120, 150 దాటునప్పటికి చిక్కులు మొదలగును. పెత్తనములు కొన్నియే యుండును, యువకులు పెక్కుమంది యుందురు. పనిలేని చేతులు, గుర్తింపు లేని మనస్సులు పెరుగును. ఒక వంశమువారి సంఖ్య హెచ్చి సభలో వారిమాటయే చెల్లును. మన యిండ్లలో నైనచో ఈ దశయందే గోడ లేచును. హట్టరైట్లు గోడ లేచువరకు వేచియుండరు. పల్లె నిండబోవుచున్నదని తెలిసినప్పటినుండి ధనము కూడబెట్టి, దూరమున నొక భూమి కొందురు. కొన్నియేండ్లు అక్కడికి పోయి దున్నుచు, ఇండ్లు, కొట్టములు కట్టుదురు. కుటుంబములను రెండు జాబితాలుగా విభజింతురు. రెండింటను వయసులు, పనివాండ్రు, పిల్లలు సరితూగవలెను. ఇద్దరు బోధకులుందురు గనుక ఒక్కొక్క జాబితాకు ఒక్కరు. పశువులు, యంత్రములు, ధనము, అప్పు సమానముగా పంచుదురు.

ఏ జాబితా పోవలెను, ఏది యుండవలెను అనునది కొన్ని శాఖలలో చీటితో తేలును. ఆ చీటి తీయునప్పటికి అందరును సామాను కట్టుకొని యుందురు. పోవువారెవరో తెలియకమునుపే ప్రతి కుటుంబమును పోవుటకు సిద్ధపడియుండును. చీటి తీసిన పిదప సగముమంది బండ్లెక్కుదురు, తక్కిన సగముమంది కట్టిన మూటలు విప్పుకొందురు. ఈ యేర్పాటులోని యుపాయమును గమనింపుడు. భాగములు చేయువానికి తనకేది వచ్చునో తెలియదు. కనుక ఒక భాగమును పెంచి మరియొక భాగమును తగ్గించుటవలన వానికి లాభము లేదు. మన పెద్దమనుష్యులును ఒక్కొక్కప్పుడు చీట్లు వేయింతురు. కాని అది కలహము వచ్చిన పిదప. వీరు కలహము రాకముందే వేయుదురు.

పంపకమే వీరికి ప్రాణమగుటచేత, వీరిపై వచ్చిన దెబ్బలలో నొకటి అచ్చటనే తగిలెను. మొదటి ప్రపంచయుద్ధమున 1918లో నలుగురు హట్టరైటు యువకులు సైనికవస్త్రములు ధరింపమని నిరాకరించినందుకు చెరసాల పాలైరి. ఆల్కట్రాజ్ చెరసాలలో బాధలు పడి, ఫోర్టు లెవెన్‌వర్తునకు మార్చబడిన పిమ్మట, జోసెఫు హోఫరు, మైఖేలు హోఫరు అను సోదరులిద్దరు మరణించిరి. బ్రతికియుండగా జోసెఫు ధరింపనొల్లని ఆ సైనికవస్త్రమునే అతని మృతదేహమునకు తొడిగిరి. దానితో పల్లెలలో పెక్కు కెనడాకు తరలిపోయినవి. అచటి ఆల్బర్టా రాష్ట్రము 1942లో హట్టరైట్లకు భూమి యమ్మరాదని చట్టము చేసెను. 1947లో దానికి బదులుగా, క్రొత్త కాలనీ పాతదానికి 40 మైళ్ల దూరముననే యుండవలెననియు, 6,400 ఎకరములకు మించరాదనియు మరియొక చట్టము చేసెను. పొరుగు రైతుల భయమునకు కారణము లేకపోలేదు. ఒక్కసారిగా రొక్కమిచ్చి పెద్ద భూములు కొనగల సంఘముతో ఒంటరి రైతు పోటీపడలేడు. కాని ఒక మతమువారిని మాత్రమే కట్టివేయు చట్టము న్యాయమని చెప్పుట కష్టము. 1973లో దానిని రద్దుచేసిరి.

ఇంతవరకు చెప్పినది ఉమ్మడి గెలిచిన కథ. ఇక రెండవ ప్రక్క చూడవలెను. పల్లె వేరుపడినచో సగమాస్తి పోవును. మనిషి యొక్కడు వేరుపడినచో వానికేమి వచ్చును? ఏమియు రాదు. మన మితాక్షర ధర్మమున ఉమ్మడి యింట పుట్టినవానికి పుట్టుకతోనే భాగము. కోరినపుడు పంచి యిమ్మని యడుగవచ్చును. 2005 నాటి సవరణతో దేశమంతటను కూతుండ్రకును ఆ హక్కు వచ్చినది. హట్టరైట్ల ధర్మము దీనికి విరుద్ధము. మానిటోబా రాష్ట్రములోని ఇంటర్‌లేకు కాలనీలో కొందరు వేరొక క్రైస్తవసంఘమున చేరగా, పల్లె వారిని వెలివేసెను. వారు తమ భాగమడిగిరి. కెనడా సుప్రీంకోర్టు 1970లో వారికి భాగము లేదని తీర్పు చెప్పెను. తెలిసి సమ్మతించిన నియమమునకు వారు బద్ధులనెను. ఒక న్యాయమూర్తి మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసెను. సర్వమును పోగొట్టుకొననిదే మతము మార్చుకొన వీలులేనిచో అది మతస్వేచ్ఛ యెట్లగునని ఆయన సందేహము.

ఆ సందేహమును నేను తేలికగా త్రోసివేయలేను. జీవితమంతయు పనిచేసి, నలుబదియేండ్ల వయసున భార్యాబిడ్డలతో వట్టిచేతుల బయటికి వచ్చువాని స్థితి తలపోయుడు. స్త్రీల మాట మరియొకటి. పల్లె సభలో వోటు బాప్తిస్మము పొందిన పురుషులకే సంప్రదాయముగా కలదు. ఏ జాబితాలో తన పేరుండునో, తన తల్లికిని తనకును నడుమ ఎన్ని మైళ్ల దూర మేర్పడునో నిర్ణయించు సభలో స్త్రీకి వోటు లేదు. 1992లో అదే సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యమున, తగిన తెలివిడి యీయక సభ్యుని వెలివేయుట న్యాయవిరుద్ధమని చెప్పి, కాలనీలకును హద్దు కలదని చూపినది. ఆ సంవత్సరమే కమ్మరివారి శాఖ నాయకత్వవివాదముతో రెండుగా చీలినది. దానికి చీట్లు లేవు, జాబితాలు లేవు. కొన్ని కుటుంబములు నడుమకు చీలిపోయినవి. పల్లె పెరిగినపుడు విభజించుకొను విద్య వారికి కలదు. అభిప్రాయములు వేరైనపుడు విభజించుకొను విద్య వారికిని లేదు.

కనుక ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగిన దేమి? ఉమ్మడి నిలుచుటకు ప్రేమ యొక్కటియే చాలదని హట్టరైట్లు తొలి మూడేండ్లలోనే తెలిసికొనిరి. పెద్దలకును విచారణ యుండవలెను. వేరుపడుట పాపమని దాచక, దానికి ముందుగనే కాలమును, పద్ధతిని ఏర్పరచుకొనవలెను. ఎవని భాగము వాడే యెన్నుకొన రాదు. ఇవి మతముతో నిమిత్తము లేక ఏ యింటికైనను, ఏ సంఘమునకైనను పనికివచ్చు మాటలు. మన ధర్మము మనిషికి భాగమిచ్చి యింటిని చీల్చును. వారి ధర్మము ఇంటిని నిలిపి, విడిచిపోవు మనిషిని వట్టిచేతులతో పంపును. ఇంటిని నిలుపుచునే, పోవువాని చేతిలోను కొంత పెట్టగల పద్ధతి యేదియో ఇరువురును ఇంకను కనుగొనవలసియున్నది.